పొరుగూరి ఆడపడుచుకు 70 ఓట్లు

2022 జులై 18, సోమవారం, పొద్దున్న ఆరున్నర. జంషెడ్‌పూర్ సాక్చీ గోల్‌చక్కర్ పక్కన టీ బడ్డీ ముందు మీరు నిలబడి ఉన్నారు. రాత్రి షిఫ్టు దిగిన కంపెనీ మనుషులు హెల్మెట్లు హ్యాండిల్‌కు తగిలించుకుని ఇళ్లకు పోతున్నారు. వాళ్లకు ఎదురుగా కాషాయం బనియన్లు వేసుకున్న కుర్రాళ్లు కావళ్లు మోసుకుంటూ వస్తున్నారు. సోనారీ అవతల ఖర్కాయి వచ్చి సువర్ణరేఖలో కలిసే దోముహానీ దగ్గర నీళ్లు ముంచుకుని శివుడి గుళ్లకు నడుస్తున్నారు. మనకింకా ఆషాఢమే, అమావాస్యకు పది రోజులుంది. వీళ్లకు పున్నమి దాటితే నెల మారుతుంది కాబట్టి ఇవాళ శ్రావణంలో మొదటి సోమవారం. బిష్టుపూర్, కదమా తెలుగిళ్లలో రెండు క్యాలెండర్లూ గోడకు వేలాడుతుంటాయి, ఏ పండగకు ఏది చూడాలో ఇల్లాళ్లకు తెలుసు.

ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. జులై సగం దాటినా జార్ఖండ్‌లో వాన సరిగా పడలేదు. బడ్డీ దగ్గర మొదటి మాట అదే, నాట్లు పడతాయా పడవా అని. రెండో మాట ఎన్నిక.

ఇవాళ రాష్ట్రపతి ఎన్నిక. ఈ వీధిలో ఒక్కరికీ ఓటు లేదు. పోలింగు 130 కిలోమీటర్ల అవతల, రాంచీ అసెంబ్లీ భవనంలో. రాష్ట్రం మొత్తానికి ఎమ్మెల్యే ఓటర్లు 81 మంది. అయినా బల్ల మీద పరిచిన హిందీ పేపరు మీదికి నలుగురు వంగి ఉన్నారు. దాన్లో ఇద్దరు అభ్యర్థుల ఫొటోలు పక్కపక్కనే ఉన్నాయి.

"ఇద్దరూ మనోళ్లే భయ్యా, ఎవరు గెలిచినా మనకే" అంటాడు టీ పోస్తున్నతను, మట్టి కప్పు మీ చేతిలో పెడుతూ.

మర్యాదకు అన్న మాట కాదది. ద్రౌపదీ ముర్ము 2015 మే నుంచి 2021 జులై దాకా ఈ రాష్ట్రానికి గవర్నరు. యశ్వంత్ సిన్హా హజారీబాగ్ నుంచి మూడుసార్లు లోక్‌సభకు గెలిచి, ఢిల్లీలో ఆర్థిక, విదేశాంగ మంత్రిగా చేసినాయన. జూన్ 21న, ఒకే రోజు, అటు ఎన్డీయే ఆమె పేరు ప్రకటించింది, ఇటు ప్రతిపక్షాలు ఆయన్ని నిలబెట్టాయి. దేశం మొత్తమ్మీద ఇద్దరు అభ్యర్థులతోనూ ఇంత చుట్టరికం ఉన్న రాష్ట్రం మరొకటి లేదు. ఆ ఇద్దరిలో ఎవరి చుట్టరికం గట్టిదో సాయంత్రం ఐదింటికి తేలిపోతుంది. తేలిన సంగతి మూడు రోజుల దాకా బయటికి రాదు, అంతే.

పేపరు ముందున్న కుర్రాడు వేళ్లు మడుస్తున్నాడు. జంషెడ్‌పూర్ ఉన్న తూర్పు సింగ్‌భూమ్ జిల్లాకు ఎమ్మెల్యేలు ఆరుగురు. జంషెడ్‌పూర్ తూర్పు నుంచి సరయూ రాయ్, స్వతంత్రుడు. పశ్చిమం నుంచి బన్నా గుప్తా, కాంగ్రెస్, రాష్ట్ర ఆరోగ్య మంత్రి. జుగ్‌సలాయీ, పోట్కా, ఘాట్‌శిలా, బహరాగోడా నాలుగూ జార్ఖండ్ ముక్తి మోర్చా (జేఎంఎం) చేతిలోవి. బీజేపీ ఎమ్మెల్యే జిల్లాలో ఒక్కడూ లేడు. జిల్లా మాట అటుంచి, కోల్హాన్ ప్రాంతపు 14 సీట్లలోనూ 2019లో బీజేపీకి దక్కింది సున్నా. సాక్షాత్తూ ముఖ్యమంత్రి రఘుబర్ దాస్ తన సొంత జంషెడ్‌పూర్ తూర్పులో, నిన్నటిదాకా తన మంత్రివర్గంలో ఉన్న సరయూ రాయ్ చేతిలో ఓడిపోయారు.

అలాంటి గడ్డ మీద ఇవాళ బీజేపీ నిలబెట్టిన అభ్యర్థికి ఎన్ని ఓట్లు పడతాయి? కుర్రాడు చూపుడు వేలు దగ్గర ఆగి, మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టాడు. లెక్క అతనికీ నమ్మశక్యంగా లేదు. పద్నాలుగులో పన్నెండు.

ఎందుకో తెలియాలంటే ఐదేళ్లు వెనక్కి వెళ్లాలి. రఘుబర్ దాస్ ప్రభుత్వం 2016 నవంబరులో రెండు పాత చట్టాలకు సవరణలు తెచ్చింది. ఒకటి 1908 నాటి ఛోటానాగ్‌పూర్ కౌలుదారీ చట్టం, రెండోది 1949 నాటి సంథాల్ పరగణా చట్టం. ఇక్కడ సీఎన్‌టీ, ఎస్‌పీటీ అంటే చదువురాని ముసలమ్మకు కూడా తెలుసు. మన ఏజెన్సీలో 1/70 చట్టం ఎంతో ఇక్కడ ఇవి అంత. ఆదివాసీ భూమి బయటివాడి చేతికి పోకుండా కాపలా కాసేవి. సాగుభూమిని వేరే అవసరాలకు వాడుకోనిచ్చేలా వాటిని సడలించబోతే ఊళ్లు భగ్గుమన్నాయి. బిల్లులు సంతకానికి రాజ్‌భవన్‌కు వెళ్లాయి. అక్కడున్నది ద్రౌపదీ ముర్ము. తన పార్టీ ప్రభుత్వమే పంపిన బిల్లుల్ని 2017లో ఆమె తిప్పి పంపేశారు. ఆ తర్వాత ప్రభుత్వం వాటిని వదులుకుంది. 2019లో రాష్ట్రంలోని 28 ఎస్టీ సీట్లలో బీజేపీకి రెండే మిగిలాయి.

అంటే, బీజేపీ మీద కోపంతో జేఎంఎంకు ఓటేసిన ఊళ్లే ఆమెను మాత్రం తమ మనిషిగా లెక్కేసుకున్నాయి. ఢిల్లీలో అభ్యర్థిని ఎంపిక చేసినవాళ్లకు ఈ సంగతి తెలియకుండా ఉంటుందా?

ఇరుక్కున్నది జేఎంఎం. రాంచీలో హేమంత్ సోరెన్ సర్కారు నడిచేది కాంగ్రెస్ భుజం మీద. సిన్హాను నిలబెట్టిన ప్రతిపక్షాల సమావేశాల్లో జేఎంఎం కూడా ఉంది. తీరా ఇటు నిలబడింది సంతాలీ ఆడమనిషి. పార్టీ పెద్ద శిబూ సోరెన్ సంతాలీ, ఆయన కొడుకు హేమంత్ సంతాలీ, పార్టీ పునాదే సంతాలీ ఊళ్లు. కాదంటే ఊరికి మొహం చూపించలేరు, అవునంటే కాంగ్రెస్‌కు మొహం చూపించలేరు. మూడు వారాలు నానబెట్టి, జులై 14న శిబూ సోరెన్ సంతకంతో ఉత్తరం విడుదల చేశారు. ముర్ముకే ఓటెయ్యండని.

ఆదివాసీ అభిమానం అని దీన్ని ఒక్క మాటలో తేల్చేస్తారు చాలామంది. నాకు అంత తేలిక లెక్కగా కనబడదు. 2012లో పి.ఎ. సంగ్మా నిలబడ్డారు. ఆయనా ఆదివాసీయే, ఆయనకూ బీజేపీయే మద్దతు. అప్పుడు జార్ఖండ్‌లో జేఎంఎం, బీజేపీ కలిసి సర్కారు నడుపుతున్నాయి. అయినా జేఎంఎం ప్రణబ్ ముఖర్జీ వైపు వెళ్లింది. మేఘాలయ గారో పెద్దమనిషికి దక్కనిది ఒడిశా మయూర్‌భంజ్ సంతాలీ టీచరమ్మ ముర్ముకు దక్కిందంటే, మధ్యలో ఇంకేదో ఉంది. అది ఇక్కడికి దక్షిణంగా 70 కిలోమీటర్ల దూరంలో ఉంది. అటు వెళ్లబోతున్నాం, ఈలోగా పది కొట్టింది.

టీవీల దుకాణం ముందు ఆగండి. అద్దం వెనక ఆరేడు తెరల మీద ఒకటే బొమ్మ, రాంచీ శివార్లలోని కొత్త అసెంబ్లీ మెట్లు. జంషెడ్‌పూర్ నుంచి చాండిల్, తమాడ్, బుండూ మీదుగా వెళ్లిన బండ్లు కూడా ఆ ఆవరణలోనే ఎక్కడో ఉన్నాయి. ఎమ్మెల్యేలు ఒక్కొక్కరే దిగి, కెమెరాలకు రెండు వేళ్లు చూపించి లోపలికి పోతున్నారు. కెమెరా అక్కడితో ఆగిపోతుంది. అసలు తమాషా తలుపు అవతల.

లోపల జరిగేది ఇది. సొంత పెన్ను బయటే వదలాలి. ఎన్నికల సంఘం పంపిన ఊదా రంగు సిరా పెన్ను ఒకటి చేతికిస్తారు, గుర్తు పెట్టాల్సింది దాంతోనే. వేరే పెన్నుతో రాస్తే ఓటు చెల్లదు. 2016లో హర్యానా రాజ్యసభ ఎన్నికలో సిరా తేడా వచ్చి బోలెడు ఓట్లు మురిగిపోయాక పెట్టిన జాగ్రత్త ఇది. ఎమ్మెల్యేలకు గులాబీ రంగు కాగితం, ఎంపీలకు ఆకుపచ్చది. కాగితం మీద రెండు పేర్లు. నచ్చిన పేరుకెదురుగా 1 అంకె వెయ్యాలి. కావాలంటే రెండో పేరుకు 2 వేసుకోవచ్చు. మడిచి పెట్టెలో వెయ్యాలి. రాజ్యసభ ఎన్నికలోలా ఓటును పార్టీ ఏజెంటుకు చూపించే పద్ధతి ఇక్కడ లేదు. విప్ జారీ చేసే హక్కు ఏ పార్టీకీ లేదు. జీవితమంతా హైకమాండ్ కనుసన్నల్లో మెలిగే మనిషికి ఐదేళ్లకోసారి దొరికే అర నిమిషం ఏకాంతం అది.

ఆ ఒక్క కాగితం విలువ 176. టీవీ చూస్తున్న ఒకాయన అడిగాడు, ఎందుకంత అని. 1971 జనాభా లెక్క తీసుకుని, రాష్ట్ర జనాభాను ఎమ్మెల్యేల సంఖ్యతో భాగించి, మళ్లీ వెయ్యితో భాగిస్తారు. జార్ఖండ్ ఎమ్మెల్యేకు 176, ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యేకు 159, తెలంగాణ ఎమ్మెల్యేకు 132. ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యేది 208, సిక్కిం ఎమ్మెల్యేది 7. యాభై ఏళ్ల కిందటి జనాభాతో నేటి రాష్ట్రపతిని ఎన్నుకుంటున్నామన్నమాట. కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలకు అన్యాయం జరగకూడదని అలా ఆపి ఉంచారు. ఎంపీ ఓటు ఈసారి 700.

మధ్యాహ్నానికి ఊరి దక్షిణ కొసకు రండి. టాటానగర్ స్టేషన్ దాటి, పర్సుడీహ్ మీదుగా కరన్‌డీహ్. ఇక్కడ సాల్ చెట్ల నీడలో జాహేర్‌థాన్ ఉంది, సంతాలీల దేవుడి చోటు. గుడి కట్టడం లాంటిదేమీ ఆశించకండి. చెట్లే దేవుళ్లు. అరుగు మీద నలుగురు పెద్దలు కూర్చుని ఉన్నారు. 'జోహార్' అని రెండు చేతులూ జోడిస్తే జరిగి చోటిచ్చారు.

మాట కలిశాక మీరు పార్టీల గురించి అడుగుతారు. వాళ్లు ఇంటిపేర్ల గురించి చెబుతారు. సంతాలీలకు పన్నెండు ఇంటిపేర్లు. ముర్ము, సోరెన్, టుడూ, హెంబ్రమ్, కిస్కూ, హాంస్‌దా, ఇలా. ద్రౌపది పుట్టింటి పేరు టుడూ, మెట్టినింటి పేరు ముర్ము. "టుడూలు మాకు వియ్యాలవారు" అంటాడొకాయన. "మా కోడళ్లలో సగం మంది రాయ్‌రంగ్‌పూర్ అటువైపు వాళ్లే" అంటాడు ఇంకొకాయన. సరిహద్దు గీసినవాడు ఒడిశా అని, జార్ఖండ్ అని పేర్లు పెట్టాడు. పెళ్లిళ్లు ఆ గీతను పట్టించుకోలేదు. సంతాలీకి లిపి చేసిన పండిత్ రఘునాథ్ ముర్ముదీ ఆ రాయ్‌రంగ్‌పూర్ పక్కనే. 1925లో ఆయన ఓల్ చికి అక్షరాలు తయారుచేస్తే, అవి ఇవాళ జంషెడ్‌పూర్ బస్తీల్లో గోడల మీద కనబడతాయి.

ఆ 70 కిలోమీటర్ల దూరం ఇదే. టాటానగర్ నుంచి రైలు హలుద్‌పుకుర్, బహల్దా రోడ్ మీదుగా రాయ్‌రంగ్‌పూర్ చేరి బాదామ్‌పహాడ్ కొండల దగ్గర ఆగిపోతుంది. ఈ లైను జనం కోసం వేసింది కాదు. 1904లో భూగర్భ శాస్త్రవేత్త పి.ఎన్. బోస్ మయూర్‌భంజ్ సంస్థానంలో గురుమహిసాని కొండల్లో మేలిరకం ఇనుప ఖనిజం ఉందని జంషెడ్‌జీ టాటాకు ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం పట్టుకునే టాటాలు ఇటు తిరిగారు. 1907లో కంపెనీ పెట్టారు. ఖనిజానికి, నీళ్లకు, బొగ్గుకు అందుబాటులో ఉందని సాక్చీ అనే పల్లెను ఎంచుకున్నారు. 1912లో ఉక్కు పోశారు. మీరు పొద్దున్న టీ తాగిన ఊరు లేచింది ఆ కొండల్ని తవ్వి తెచ్చిన రాయితో. ద్రౌపది పుట్టిన ఉపర్‌బేడా ఊరు ఆ కొండలున్న జిల్లాలోదే. ఆ ఊళ్లో డుంగురీసాహీ అనే వాడకు కరెంటు స్తంభాలు వచ్చింది 2022 జూన్‌లో, ఆమె పేరు ప్రకటించాక. ఖనిజం పోయి నూరేళ్లు దాటింది, దీపం వెనక్కి రావడానికి ఇంత కాలం పట్టింది.

ఆమె కథ పేపర్లన్నీ రాసేశాయి కాబట్టి గబగబా చెప్పుకుందాం. భువనేశ్వర్‌లో డిగ్రీ, నీటిపారుదల శాఖలో జూనియర్ అసిస్టెంట్, రాయ్‌రంగ్‌పూర్ బడిలో టీచరు, 1997లో నగర పంచాయతీ కౌన్సిలర్, 2000 నుంచి రెండు దఫాలు ఎమ్మెల్యే, కొన్నాళ్లు మంత్రి. భర్తను, ఇద్దరు కొడుకుల్ని పోగొట్టుకున్న మనిషి. కరన్‌డీహ్ అరుగు మీద వాళ్లు పదవులు ఏకరువు పెట్టలేదు. కొడుకుల మాటొచ్చినప్పుడు మాత్రం కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

మరి సిన్హా సంగతి? ఆయన ఇరుకు ఇంకో రకం. హజారీబాగ్ సీటు అప్పటికి ఆయన కొడుకు జయంత్ సిన్హాది, బీజేపీ టికెట్ మీద. తండ్రి రాష్ట్రపతి ఎన్నికలో నిలబడితే, కొడుకు తండ్రికి ఎదురుగా ఉన్న పార్టీలో ఎంపీ. పార్టీ కార్యకర్తగా, ఎంపీగా తన బాధ్యత తాను చేస్తానని జయంత్ ముందే చెప్పేశాడు. బ్యాలెట్ రహస్యం కాబట్టి ఆకుపచ్చ కాగితం మీద ఏం వేశాడో ఆయనకే తెలియాలి. ప్రచారం ముగించడానికి సిన్హా రాంచీకే వచ్చారు. సొంత రాష్ట్రంలో సర్కారు నడిపేది తన కూటమే, ఓట్లు మాత్రం అవతలికి. ఎనభై నాలుగేళ్ల వయసులో అది ఓడిపోవడం కంటే కష్టంగా ఉండి ఉంటుంది.

సాయంత్రం ఐదు దాటింది. రాంచీలో పెట్టెకు సీలు పడింది. ఆ పెట్టె ఢిల్లీకి విమానంలో వెళ్తుంది, సామాన్ల గదిలో కాదు సుమా, ముందు వరసలో సొంత సీట్లో. దానికి టికెట్ కూడా తీస్తారు, 'మిస్టర్ బ్యాలెట్ బాక్స్' పేరిట. పక్క సీట్లో దానికి కాపలాగా అధికారి.

కదమాలో ఒక తెలుగు పెద్దాయన ఇంటికి భోజనానికి పిలిచారు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, కంపెనీలో చేరి, రిటైరై, ఇక్కడే ఉండిపోయిన మనిషి. రోజూ సాయంత్రం బిష్టుపూర్ రామ మందిరానికి వెళ్లి అరగంట కూర్చుని వస్తారు. ముందు గదిలో తెలుగు చానల్ నడుస్తోంది. ఆంధ్రలో జగన్, చంద్రబాబు ఇద్దరూ ముర్ముకే అంటున్నారు. వారం కిందట ఆమె వెళ్తే రెండు పార్టీలూ పోటీపడి శాలువాలు కప్పాయి. హైదరాబాద్‌లో కేసీఆర్ సిన్హాకు బేగంపేట విమానాశ్రయంలో ఎదురెళ్లి ఊరేగింపు చేశారు, అదీ ప్రధాని మోదీ వచ్చిన రోజునే.

"మావయ్యా, ఒకే రాష్ట్రం వాళ్లు ఇద్దరు పోటీ పడితే ఆ రాష్ట్రపోళ్లు ఏటి చేస్తారు?" అని అడిగాడు మేనల్లుడు, అప్పడం విరుస్తూ.

"మనం చూసినాం కదరా. అరవై తొమ్మిదిలో. ఇటు గిరిగారు, అటు సంజీవరెడ్డిగారు. ఇద్దరూ తెలుగోళ్లే" అన్నారాయన. "గిరిగారు మన బరంపురపోరు, రైలోళ్ల యూనియన్ పెద్ద. కూలి జనం అందరికీ ఆయన గెలవాలనే. అయితే పార్టీ టిక్కెట్టు సంజీవరెడ్డిగారిది."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. 1969లో కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. వి.వి. గిరి స్వతంత్రుడు. ఆత్మప్రబోధం ప్రకారం ఓటెయ్యండని ఇందిరాగాంధీ పిలుపిచ్చారు. మొదటి లెక్కలో ఎవరికీ కావలసిన ఓట్లు రాలేదు. రెండో ప్రాధాన్యపు ఓట్లు కలిపాక గిరి 4,20,077, సంజీవరెడ్డి 4,05,427. తేడా 14,650. ఇవాళ్టి జార్ఖండ్ అసెంబ్లీ మొత్తం ఓట్ల విలువ 14,256. అప్పటి ఓటు విలువలు వేరే అనుకోండి, అయినా ఒక్క చిన్న రాష్ట్రమంత తేడాతో దేశానికి రాష్ట్రపతి మారిపోయాడు. ఏడాది తిరక్కుండానే కాంగ్రెస్ రెండు ముక్కలైంది.

"అప్పుడు గిరిగారికి ఏసినోళ్లు బోర విరుచుకుని చెప్పుకునీవోరు. దాచుకోడం ఏటుంది?" అన్నారు పెద్దాయన, మజ్జిగ పోసుకుంటూ. ఆ మాట గుర్తుంచుకోండి.

జులై 21, గురువారం. లెక్కింపు ఢిల్లీ పార్లమెంటు భవనంలో. ముందు ఎంపీల ఓట్లు. ముర్ము 540, సిన్హా 208. అక్కడికే సగం మంది టీవీలు కట్టేశారు. ఇక్కడ ఎవరూ కట్టలేదు. జార్ఖండ్ ఇంకా రాలేదు మరి. ఇంగ్లిష్ అక్షర క్రమంలో రాష్ట్రాల్ని పదేసి చొప్పున లెక్కపెడుతున్నారు. మొదటిది ఆంధ్రప్రదేశ్, పదోది జార్ఖండ్. ఆ రౌండు ముగిసేసరికి సాయంత్రమైంది. మూడో రౌండుతో ఆమె సగం గీత దాటేశారు. అప్పటికే కరన్‌డీహ్ వైపు ధమ్సా, మాదల్ మోగడం మొదలైంది. రోడ్డు పక్క ఆడవాళ్లు చేయి చేయి పట్టుకుని వరసలు కట్టారు. ఎర్ర అంచు తెల్ల చీరలు, కొప్పులో పూలు. ట్రాఫిక్ కానిస్టేబుల్ బండ్లను ఆపి తనూ నిలబడి చూస్తున్నాడు. జేఎంఎం జెండా పట్టుకున్న కుర్రాడు, బీజేపీ కండువా వేసుకున్న కుర్రాడు ఒకే పళ్లెంలో లడ్డూలు పంచుతున్నారు. ఈ ఊళ్లో అలాంటిది నేను మళ్లీ చూడలేదు.

మొత్తం ఫలితం రాత్రికి వచ్చింది. ముర్ముకు 6,76,803, సిన్హాకు 3,80,177. అది దేశానికి. జార్ఖండ్ అంకె ఫోన్లలో తిరగడం మొదలయ్యాక టీ బడ్డీ దగ్గర నవ్వులు ఆగిపోయి లెక్కలు మొదలయ్యాయి.

ముర్ము 70. సిన్హా 9. చెల్లనిది 1.

మీరూ కూర్చుని లెక్కపెట్టండి. 81 మందిలో ఓటేసినవాళ్లు 80. రానివాడు సింద్రీ బీజేపీ ఎమ్మెల్యే ఇంద్రజీత్ మహతో, హైదరాబాద్‌లో ఆస్పత్రి మంచం మీద ఉన్నాడు. జేఎంఎం 30. మిగిలిన బీజేపీ 25. వాళ్ల మిత్రపక్షం ఆజ్సూ 2. ఇద్దరు స్వతంత్రుల్ని, ఒక్క ఎన్సీపీ సభ్యుణ్ణి కూడా అటే వేసుకుంటే 60. మరి 70 ఎక్కణ్ణుంచి వచ్చాయి? ఇటు కాంగ్రెస్ 18, ఆర్జేడీ 1, సీపీఐ ఎంఎల్ 1. సిన్హాకు రావాల్సినవి 20. వచ్చినవి 9. ఒకటి మురిగిపోయింది. పది గులాబీ కాగితాలు గోడ దూకాయి.

దూకినవి కాంగ్రెస్‌వేనని ఆ రాత్రే అందరూ అన్నారు. లెక్క కూడా అటే వేలు చూపిస్తోంది. ఆ పార్టీలో ఆదివాసీ ఎమ్మెల్యేలు ఉన్నారు, వాళ్ల ఊళ్లలోనూ కరన్‌డీహ్ లాంటి అరుగులున్నాయి. విప్ లేదు, ఏజెంటు లేడు, ఊదా సిరా ఉంది. అలాంటప్పుడు పార్టీ తాడు ఎంత బలమైందో జార్ఖండ్ ఒక అంకెలో చూపించింది. 20లో 9.

తెలుగు రాష్ట్రాల అంకెలు చూడండి. ఆంధ్రలో పడిన 173 ఓట్లూ ముర్ముకే, సిన్హాకు సున్నా. తెలంగాణలో సిన్హాకు 113, ముర్ముకు 3. రెండు చోట్లా నాయకుడు గీసిన గీత మీదే ఎమ్మెల్యేలు నడిచారు. మనవాళ్లకు అరుగుతో పని పడలేదు, హైకమాండ్‌తోనే పడింది. ఈ మూడు రాష్ట్రాల్లో గోడ దూకింది జార్ఖండే.

జులై 25న పార్లమెంటు సెంట్రల్ హాల్లో ఆమెతో ప్రమాణం చేయించింది మన తెలుగాయన, ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ. ఆమె ప్రసంగం 'జోహార్' తో మొదలైంది. 2023 నవంబర్ 21న బాదామ్‌పహాడ్ స్టేషన్‌లో మూడు కొత్త రైళ్లకు జెండా ఊపారు, ఒకటి టాటానగర్‌కు. నూరేళ్లు రాయి మోసిన పట్టాల మీద మనుషులకు ఇంకో బండి దొరికింది. గెలిపించిన ఊళ్లకు కంటికి కనబడే లాభం నాకు తెలిసినంతలో అదొక్కటే.

ఇక ఆ పది మంది. పేర్లు ఏ రికార్డులోనూ లేవు, రహస్య బ్యాలెట్ కాబట్టి ఉండవు. వాళ్లు చేసింది తప్పని నేననను. పొరుగూరి ఆడపడుచుకు, తమ భూముల బిల్లు తిప్పి పంపిన మనిషికి ఓటేశారు. పార్టీ మాట కంటే ఊరి మాట పెద్దదనుకున్నారు. అంతవరకూ వాళ్ల పక్షమే నేను. అయితే అలా వేసినవాడు మర్నాడు సాక్చీ గోల్‌చక్కర్‌లో నిలబడి 'నేను ఆమెకు వేశాను, ఇందుకు వేశాను' అని చెప్పగలగాలి. 1969లో చెప్పుకున్నారు, చెప్పుకుని పార్టీని చీల్చుకున్నారు, ఫలితం అనుభవించారు. 2022లో ఓటు మాత్రం అటు వేసి, మంత్రి పదవులు, టికెట్లు ఇటే ఉంచుకున్నారు. దీనికి ఆత్మప్రబోధం అన్న పేరు పెట్టడానికి నాకు చేయి రాదు.

ద్రౌపదీ ముర్ము పదవీకాలం 2027 జులైతో ముగుస్తుంది. ఆ లోపు మళ్లీ గులాబీ కాగితాలు వస్తాయి. మీకు ఓటుండదు, మీ ఎమ్మెల్యేకు ఉంటుంది. మీరు పలాసలో ఉన్నా, కదమాలో ఉన్నా, ఎవరికి వేశావు, ఎందుకు వేశావు అని ఈసారి ఆయన్ని ఎదురుగా నిలబెట్టి అడగండి.